పేడ నిలవని పడవ

నేను బడిపంతులుగా పనిచేసిన ఒక ఊరికి పడవ ఉండేది. అనంతపురం జిల్లాలో పడవ ఏమిటని ఎవరైనా నవ్వితే నాకు కోపం రాదు. మొదటిసారి చూసినప్పుడు నేనూ నవ్వాను. ముదిగుబ్బ నుంచి పది మైళ్లు లోపలికి, రోజుకు రెండు బస్సులు వచ్చే ఊరు అది. ఊరికి దక్షిణాన పెద్ద చెరువు. పెద్దదంటే కట్ట పెద్దది, నీళ్లు కాదు. అయిదారేళ్లకోసారి తప్ప ఆ చెరువు నిండదు. మిగిలిన కాలమంతా గొర్రెలు మేసే మైదానం. చెరువు లోపలి నుంచే కాలిబాట అవతలి వాడకు పోతుంది. నిండిన ఏడాది మాత్రం ఆ బాట మునిగిపోతుంది. అప్పుడు కట్ట పక్కన రేకుల కొట్టంలో ఏళ్ల తరబడి పడి ఉన్న పడవ అందరికీ గుర్తొస్తుంది.

అవతలి వాడ అంటే ఎవరిదో మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. కాగితాల మీద హరిజనవాడ అని రాసేవారు. ఊళ్లోవాళ్లు ‘ఆ పక్క’ అనేవారు. కూలికి పిలవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ పక్కకు దారి బాగా తెలిసేది.

పట్నంలో చదువుకునే రోజుల్లో నేను ప్రతి ఆదివారం ఒక పఠనాలయం మేడ మీద జరిగే వాదనలకు పోయేవాణ్ణి. జాతకాలు, శకునాలు, మడి, అంటు, వారానికో విషయం. ఎదుటివాడు ఏం చెప్పినా సాక్ష్యం అడగడం అక్కడ నేర్చుకున్నాను. నేను చెప్పేదానికి కూడా సాక్ష్యం కావాలన్న సంగతి మాత్రం అక్కడ నాకు ఎక్కలేదు. అది ఈ పడవ దగ్గర ఎక్కింది.

డెబ్బయిల దశకం చివర్లో ఒక ఏడాది, వేరుశనగ పీకే సమయానికి వానలు పట్టుకున్నాయి. పది రోజుల్లో చెరువు బాట మునిగింది. అవతలి వాడలో ముప్పై అయిదేళ్ల మనిషి ఒకామె ఉండేది. గొర్రెపిల్లలను సాకి బతికేది. ఆమెకు క్షయ. పట్నం ఆస్పత్రి డాక్టరు ఆరు నెలలపాటు సూదిమందు రాసిచ్చాడు. ఊళ్లో ఉన్న నర్సమ్మ దగ్గర మంగళవారం, శుక్రవారం వేయించుకోవాలి. అంతకు ముందు ఏడాది కూలిపనుల మూలంగా ఆమె నడుమ మానేసింది. జబ్బు ముందుకన్నా ఎక్కువై తిరిగొచ్చింది. ఈసారి మానితే తన చేతిలో ఏమీ ఉండదని డాక్టరు చెప్పిపంపాడు. నాలుగు నెలల సూదులు ఇంకా మిగిలి ఉన్నాయి.

బాట మునిగాక ఆమెకు మిగిలిన దారి కట్ట. చెరువు నిండితే అదనపు నీళ్లు పొర్లిపోవడానికి కట్ట చివర రాళ్లతో కట్టిన మెట్టు ఉంటుంది. దాన్ని మా వైపు మరవ అంటారు. నీళ్లు మరవ అంచుకు రానంతకాలం ఆ రాళ్ల మీదుగా నడిచి ఊళ్లోకి రావచ్చు. మరవ పారితే నిలబడ్డ మనిషిని లాక్కుపోతుంది. ఇక గుట్ట చుట్టూ ఏడు మైళ్ల ముళ్లబాట. మంచి మనిషికే ఆయాసం వచ్చే దారి అది.

ఒక మంగళవారం ఆమె, భర్త చేయి పట్టుకుని, మరవ రాళ్ల మీద కూర్చుని ఊపిరి తీసుకుంటోంది. నేను బడికి పోతూ ఆగాను.

“ఇంగ నాలుగు వరసలుండాయి సారూ,” అంది, నీళ్లకు పైన మిగిలిన రాళ్ల వరసలు చూపిస్తూ.

“నాలుగు మునిగితే ఏం చేస్తావక్కా?”

“మునిగితే ఈ సూది పోట్లు తప్పుతాయి.” నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి పోయి చాలాసేపు తిరిగి రాలేదు.

“పొద్దున లేచినకాడి నుంచీ ఇదే కత,” అన్నాడు భర్త. “చచ్చేదాని గురించి ఇంత నవ్వుతా మాట్లాడే మనిషిని యాడా చూడలా.”

ఆ నాలుగు వరసలు మునిగేలోగా పడవ బాగు కావాలి. ఆ రోజు బడి అయ్యాక నేరుగా కొట్టం దగ్గరికి పోయాను.

పడవ నడిపేది బెస్త పెద్దాయన. ఎండిన ఏళ్లలో బావులు తవ్వేవాడు, నిండిన ఏడాది తెడ్డు పట్టేవాడు. అరవై ఏళ్లుంటాయి. పడవ అంచు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

“దీంట్లో ఎంతమంది పడతారన్నా?”

“నేనూ, ఇంగిద్దరు. మూడో మనిషి ఎక్కితే చేపలు కూడా ఎక్కుతాయి.”

లోపలికి చూశాను. పడవ అడుగున తాడిపత్రి బండలు పరిచి ఉన్నాయి. ఇంటి వసారాలో పరిచినట్టు, సందులు సున్నంతో పూడ్చి మరీ. వాటి మీద ఎండిన పేడ పొరలు పొరలుగా, జొన్నరొట్టె మందాన ఉంది.

“బండలేంటికన్నా?”

“ప్రెసిడెంటప్ప వేయించినాడు. పోయిన తూరి చెరువు నిండినప్పుడు పలకలు కుళ్లి ఒకాయన కాలు దిగబడినాది. బండలైతే కుళ్లవు కదా అన్నాడు. అలకను కూడా సులువు.”

“పడవను అలకడమేంది?”

ఆయన నా వైపు జాలిగా చూశాడు. “ఆ పక్కోళ్లు ఎక్కి దిగితే అలకొద్దా మరి? మా నాయన అలికినాడు, నేనూ అలుకుతాండా. వాళ్లను దించి వస్తా, కట్టకాడ బకెట్టు పెట్టింటారు. పేడనీళ్లు పోసి అలికితేనే ఊరోళ్లు ఎక్కేది. ఒగో దినం ఆరు తూర్లు.”

రోజుకు ఆరుసార్లు. చెరువులో నీళ్లున్నన్ని నెలలూ. కొయ్యపడవ లోపల ఆరడానికి ఒక్క పూట కూడా దొరకకుండా తడి పేడ. నేను ఆ సాయంత్రం అక్కడే నిలబడి, ఈ దేశంలో కుళ్లు ఏ వైపు నుంచి మొదలవుతుందో ఒక వ్యాసానికి సరిపడా ఆలోచించుకున్నాను. వ్యాసంతో పడవ తేలదు కాబట్టి మరునాడు పంచాయతీ ఆఫీసుకు పోయాను.

అక్కడ అరగంట మాట్లాడాను. చట్టం చెప్పాను, మానవత్వం చెప్పాను, సూక్ష్మజీవుల గురించి చెప్పాను. ప్రెసిడెంటు అడ్డు రాకుండా విన్నాడు. భారీ మనిషి, మాట మెత్తన. ఆయన పొలం సగం చెరువు అవతలే ఉంది.

“అయిందా సారూ? కాసిన్ని నీళ్లు తాగు,” అన్నాడు. “మేమెవరినన్నా ఎక్కొద్దన్నామా? చెప్పు. ఎక్కమంటాం. దిగినాక మా పడవ మేము కడుక్కుంటాం. నువ్వు బయట తిరిగొచ్చి కాళ్లు కడుక్కోవా? దానికి నేనొచ్చి ఉపన్యాసం చెప్పినానా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

“మీరు కడిగేదానివల్లనే పడవ కుళ్లుతాండాది.”

“కాదప్పా. వాళ్లెక్కినందుకు గంగమ్మకు కోపం. అందుకే కుళ్లేది. ఎంత కడిగినా పోలేదంటే చూసుకో.”

నాకు పఠనాలయం మేడ గుర్తొచ్చింది. సాక్ష్యం అడగాలి. మాటతో కాదు, వస్తువుతో. “కొట్టం కాడికి పోదాం రాండి. కత్తి ఒకటి తెప్పించండి,” అన్నాను. వినోదం చూద్దామని నలుగురూ వచ్చారు.

ఒక మూల రెండు బండలు లేపించాను. కింద పడవ పక్కటెముకల్లాంటి అడ్డకర్రలు, వాటి కింద అడుగు పలకలు. కత్తి అడ్డకర్ర మీద పైనుంచి గుచ్చితే రెండు వేళ్ల లోతు దిగింది. పుట్టగొడుగులా ఉంది ఆ కొయ్య. పడవను పక్కకు ఒరిగించి, నీళ్లు తగిలే వైపు నుంచి అడుగు పలకను గుచ్చాను. మొన జారిపోయింది. ప్రెసిడెంటు చేతికి కత్తి ఇచ్చాను. ఆయనా గుచ్చి చూశాడు, నాలుగు చోట్ల.

“గంగమ్మ ఉండేది నీళ్లలోనే కదా,” అన్నాను. “నీళ్ల వైపు ముట్టుకోకుండా, మనం అలికిన వైపే ఎందుకు తినింది?”

బెస్త పెద్దాయన బీడీ పక్కన పెట్టి ఆ అడ్డకర్రను వేలితో గీకి చూశాడు, చాలాసేపు. తన చేత్తో పోసిన నీళ్లు ఎక్కడికి పోయాయో అప్పుడే చూస్తున్నట్టు.

“సదువుకున్నోడు మాటకు మాట చెప్తాడు,” అన్నాడు ప్రెసిడెంటు చివరికి. “సరే. నువ్వే బాగు చెయ్యి. బాగైనాక మా పద్ధతి మాది. అది మాత్రం మార్చేది లేదు.”

గెలిచాననుకున్నాను. ఆ గెలుపు మత్తులోనే పెద్ద తప్పు చేశాను.

బండలు తీసెయ్యడానికి నలుగురు మనుషులకు రెండు విడతలు పట్టింది. బండలు పోగానే పడవ మూరెడు పైకి లేచి తేలుతుందని పెద్దాయన చెప్పాడు. పేడ పొరలు గీకేశాం. కుళ్లిన అడ్డకర్రలు తీసి వేపకొయ్యవి బిగించాం. పాత పెట్టెల పలకలు కొన్ని బడిలో ఉంటే వాటిని తొక్కే పలకలుగా కోయించాను. తర్వాత రోడ్డు పనివాళ్లు వదిలిపోయిన తారు సగం పీపా తెప్పించి కాచాను. తేమ అంటే శత్రువు. శత్రువు లోపలికి రాకుండా అన్ని ద్వారాలూ మూసెయ్యాలి. ఇదీ నా తర్కం.

“ఆరనియ్యి సారూ,” అన్నాడు పెద్దాయన. “పలక ఇంగా పచ్చిగుండాది. చెయ్యి పెట్టి చూడు, చల్లగా తగుల్తాది.”

“ఆరేదాకా ఆగితే మరవ పారుతుంది. ఆమె సూది ఏమైతుంది?”

“ఆమె కోసరమే చెప్తాండా.”

వినలేదు. తొక్కే పలకలకు పైనా కిందా, అడుగు పలకలకు లోపలా, అడ్డకర్రలకు చుట్టూ, మందంగా తారు పూశాను. నల్లగా నిగనిగలాడే పడవను చూసుకుని మురిసిపోయాను. బడిలో పిల్లలకు దాని మీద పాఠం కూడా చెప్పాను.

ఎనిమిది రోజులకు తారు మీద పొక్కులు లేచాయి. ఎండకు వేడెక్కిన తారు కింద తేమ బయటికి పోయే దారి లేక ఉబ్బింది. పుల్లతో ఒక పొక్కు చిదిమితే కుళ్లు వాసనతో నీళ్లు కారాయి. కింద పలక మెత్తబడి గోరుకు వస్తోంది. వాళ్లు పేడ కింద దాచిన తడిని నేను తారు కింద దాచాను. అంతే తేడా. వాళ్లు గంగమ్మ పేరు చెప్పారు, నేను విజ్ఞానం పేరు చెప్పాను. పలక ఇద్దరి పేర్లూ లెక్కచెయ్యలేదు.

ప్రెసిడెంటుకు కబురు అందకుండా ఉంటుందా? పొలానికి పోతూ వచ్చి నిలబడ్డాడు.

“ఏం సారూ, ఈసారి గంగమ్మా, మనిషా?”

“మనిషే,” అన్నాను. “నేనే.”

ఆ రెండు మాటలు అనడానికి నాకు ఎన్నో ఆదివారాల వాదనలకన్నా ఎక్కువ కష్టమైంది. ఆయన తల ఊపి పొలం దారి పట్టాడు. ఒప్పుకునే మనిషిని ఎగతాళి చెయ్యడం ఆయనకు చేతకాలేదనుకుంటాను.

అప్పటికి మరవ దగ్గర రెండు వరసలే మిగిలాయి.

మంగళవారం ఆమె సూది వేయించుకుని తిరిగిపోతూ, నేను కొట్టం ముందు కూర్చుని తారు గీకుతుండగా చూసింది. భర్తను ఆగమని చెప్పి దగ్గరికొచ్చింది. మెత్తబడిన పలక ముక్క చేతిలోకి తీసుకుని వాసన చూసింది.

“మా గొర్రెపిల్లల కొట్టం చూసినారా సారూ?”

“లేదు.”

“ఒగసారి వచ్చి చూడండి. దీనికి మందు ఆడుండాది.” పలక ముక్క కింద పెట్టి అంది, “మా ఇంటికొచ్చి పోతే మళ్ల ఇస్కూలు అలకల్లనేమో. అది చూసుకోండి.”

ఆ ఎగతాళి నాకు తగిలింది. తగలాల్సిందే. ఆ వాడ పిల్లలు నా బడిలో వెనక వరసలో కూర్చునేవాళ్లు. రెండేళ్లుగా పాఠం చెబుతున్నాను గానీ ఒక్కరి గడప కూడా తొక్కలేదు. తారు చేతులతోనే వాళ్ల వెంట మరవ దాటి పోయాను.

ఆమె ఇంటి పక్కన నడుమెత్తు మట్టి గోడలతో చిన్న కొట్టం. లోపల ఆరు గొర్రెపిల్లలు. వాటి కాళ్ల కింద నేల లేదు. నాలుగు రాళ్ల మీద, జానెడు ఎత్తున, ఒక చట్రం ఉంది. కత్తాళ కాడలతో అల్లినది. చేల గట్ల మీద కంచెగా పెరిగే ఆ ముళ్ల కత్తాళ మొక్క, నార తీసేది, బతుకులో ఒక్కసారి పూతకొస్తుంది. నడుమ నుంచి ఇద్దరు మనుషుల ఎత్తున కాడ లేస్తుంది. పూసి మొక్క చచ్చాక ఆ కాడ నిలువునా ఎండిపోతుంది. లోపలంతా బెండు. అలాంటి కాడలను నిలువుగా రెండుగా చీల్చి, వేలు పట్టేంత సందు వదిలి, అదే మొక్క నారతో తాళ్లు పేని కట్టారు. మేకు ఒక్కటి కూడా లేదు.

“గొర్రెపిల్ల గిట్టకు తడి తగిలితే పుండు పడి సస్తాది సారూ,” అంది. “ఉచ్చ పోస్తే కిందికి కారిపోవల్ల. కింద గాలి ఆడల్ల. పొద్దున్నే దీన్ని ఎత్తి గోడకానిస్తా. పొద్దెక్కేలోగా ఆరిపోతాది.”

చెప్తూనే ఆ చట్రాన్ని ఒంటి చేత్తో లేపి గోడకు ఆనించింది. ఊపిరి అందని మనిషి, ఒంటి చేత్తో. నేనూ లేపి చూశాను. చేటంత బరువు.

“పైన ఏమీ పూయరా?”

“పూస్తే కాడకు ఊపిరి ఆడదు. కోసిన కొసలు మాత్రం నీళ్లు తాగుతాయి. వాటికి కానుగ నూని పెడతాం. అంతే.”

ఆ మాట తీసుకుని పెద్దాయన దగ్గరికి పరుగున వచ్చాను. ఆయన విని తల ఊపాడు.

“అదే సారూ నేను చెప్పొచ్చింది, నాకు చెప్పను రాలేదు. అడుగు పలక యవ్వారం వేరు. అది నీళ్లు తాగితేనే ఉబ్బి సందులు మూసుకుంటాది. పైన తొక్కేది ఆరల్ల. నువ్వు రెండిటికీ ఒకే మందు పోసినావు.”

ఆ రోజు నుంచి పని మళ్లీ మొదటి నుంచి మొదలైంది. పెద్దాయన, ఆమె భర్త, నేను. తారు అంతా గీకి, చెడిన తొక్కుడు పలకలు అవతల పారేశాం. పడవను నాలుగు రాళ్ల మీద బోర్లా వేశాం. ఈ సీమలో నీళ్లకు కరువు గానీ గాలికి లేదు. వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా గుట్టల మీది నుంచి గాలి వచ్చి పడవ కింద దూరేది. తుంపర పడితే ముగ్గురం పట్టి కొట్టంలోకి లాగేవాళ్లం, వెలిస్తే మళ్లీ బయటికి. రోజుకు రెండుసార్లు పెద్దాయన తన చెంప పలకకు ఆనించి చూసేవాడు. చల్లగా తగిలితే తల అడ్డంగా తిప్పేవాడు. రెండు వరసలు ఒకటిన్నర అయ్యాయి. ఒకటిన్నర ఒకటైంది. అయినా ఈసారి ఆయన తల నిలువుగా ఊపేదాకా చెయ్యి పెట్టలేదు. అయిదో నాడు ఊపాడు.

అడుగు పలకల సందుల్లో పాత నూలు చీరల పేలికలు, నూనెలో గుగ్గిలం కరిగించి ముంచి, ఉలి వెనక వైపుతో కొట్టి దూర్చాడు. అడ్డకర్రలకు కింద చిన్న గాట్లు పెట్టాడు, లోపలికి వచ్చిన నీళ్లు ఒకచోట ఆగకుండా తోడే మూలకు చేరేందుకు. ఆమె భర్త మూడు పూటలు చేల గట్లన్నీ తిరిగి కాడలు తెచ్చాడు. పచ్చివి నాలుగు కలిస్తే ఆమె కట్ట మీద కూర్చునే ఏరి పక్కన పారేసింది. “తొందరపడి ఇవి కూడా కట్టేరు, సారు ఉండాడు కదా,” అంది. నేను నవ్వాను. మూడు చట్రాలు కట్టాం. కొసలకు కానుగ నూనె వెచ్చచేసి పట్టించాం. మూడూ కలిపి ఒక మనిషి నెత్తి మీద మోసుకొచ్చాడు. నలుగురు రెండు విడతలు మోసిన బండల చోట అవి కూర్చున్నాయి. అడుగు పలకలకు తగలకుండా, అడ్డకర్రల మీద, కింద గాలి ఆడేలా.

గురువారం సాయంత్రం పడవను నీళ్లలోకి దించి కట్టేశాం, అడుగు పలకలు ఉబ్బడానికి. శుక్రవారం తెల్లారేసరికి మరవ పారుతోంది. ఆ చప్పుడు బడి దాకా వినిపించింది.

పెద్దాయన, నేను అవతలికి పోయాం. ఆమె, భర్త ఒడ్డున కూర్చుని ఉన్నారు. రాదనుకున్నారేమో, ఆమె చేతిలో సూది చీటీ కూడా లేదు. భర్త ఇంటికి పరుగెత్తి తెచ్చాడు. నలుగురం ఎక్కాక కూడా పడవ అంచుకు, నీళ్లకు మధ్య మూరెడు ఎడం ఉంది. అడుగున రెండు వేళ్ల లోతు నీళ్లు ఊరాయి. అవి చట్రం కిందే ఉండిపోయాయి. ఆమె పాదాలు పొడిగా ఉన్నాయి. సందుల్లోంచి కిందికి చూస్తూ కూర్చుంది.

“భయంగా ఉందా అక్కా?”

“లేదు సారూ. గొర్రెపిల్ల మాదిరుండాది నాకు.”

సూది పడింది. ఆమెను అవతల దించి వచ్చేసరికి కట్ట దగ్గర ప్రెసిడెంటు నిలబడి ఉన్నాడు. అవతల ఆయన వేరుశనగ పీకి కుప్ప వేసి ఉంది. వానకు తడిసింది, చూడకపోతే కాయ బూజు పడుతుంది. పక్కన బకెట్టు నిండా పేడనీళ్లు. ఆయన చెప్పినట్టే, పడవ బాగైంది, పద్ధతి ఆయనది.

పెద్దాయన ఏమీ అనకుండా బకెట్టు తీసుకుని అలవాటు ప్రకారం కుమ్మరించాడు. నీళ్లన్నీ సందుల్లోంచి కిందికి పోయాయి. చీపురుతో అలకబోయాడు. చీపురు పుల్లలు సందుల్లో ఇరుక్కున్నాయి. చట్రం మీద నాలుగు పచ్చని చుక్కలు తప్ప ఏమీ నిలవలేదు. ఒడ్డున ఎవరో కిసుక్కుమన్నారు.

“యాడ అలికేదప్పా?” అన్నాడు పెద్దాయన. “సందులే ఉండాయి.”

“తడిక పరిచి అలుకు.”

“తడిక పరిస్తే కింద గాలాడదు. మళ్ల కుళ్లుతాది.”

“అయితే బండలే పెట్టు.”

“బండలు పెడితే నేను తొయ్యను.”

పెద్దాయన చట్రాలు మూడూ లేపి ఒడ్డున పెట్టి, అడుగున చేరిన పేడనీళ్లను తోడడం మొదలుపెట్టాడు. నేను చెంబు అందుకున్నాను. తోడేసరికి అరగంట పట్టింది. తర్వాత ఆయన బకెట్టును కట్ట మీద బోర్లించి దాని మీద కూర్చుని బీడీ వెలిగించాడు. నేను అరగంట ఉపన్యాసం చెప్పి చెయ్యలేని పనిని ఆయన ఒక్క మాటతో చేశాడు. నేను కత్తి గుచ్చిన రోజు ఆయన ఆ అడ్డకర్రను అంతసేపు ఎందుకు గీకాడో నాకు అప్పుడు అర్థమైంది. పేరుకు ఊరిదైనా పడవ ఆయనది. దాన్ని తన చేత్తోనే కుళ్లబెడుతున్నానని ఆ రోజు ఆయన చూశాడు.

ప్రెసిడెంటు ఇంటికి పోయాడు. మూడు రోజులు రాలేదు. నాలుగోనాడు, మంగళవారం, కుప్పలో కాయ మొలకెత్తుతోందని జీతగాడు అవతలి ఒడ్డు నుంచి అరిచి చెప్పాడట. ఆయన కట్ట దగ్గరికి వచ్చేసరికి, సూది వేయించుకుని తిరిగిపోతూ ఆమె పడవలో కూర్చుని ఉంది. నేను తోడే చెంబు పట్టుకుని ఉన్నాను.

“ఆయమ్మను దించి మళ్ల రావల్లంటే పొద్దు పోతాది,” అన్నాడు పెద్దాయన. “ఎక్కేట్లుంటే ఎక్కప్పా.”

ప్రెసిడెంటు గుట్ట వైపు చూశాడు. ఏడు మైళ్లు. భుజం మీది తువ్వాల తీసి, పడవ ఇవతలి కొసన చట్రం మీద పరిచి, దాని మీద కూర్చున్నాడు. చెరువు నడుమకు వచ్చాక ఆమెకు దగ్గు తెర వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని నీళ్ల వైపు తిరిగింది. అది తగ్గేదాకా ప్రెసిడెంటు తన చేతుల వైపు చూసుకుంటూ ఉన్నాడు.

“ఇంగెన్ని సూదులుండాయి?”

ఎవరిని అడిగాడో ఆమెకు వెంటనే తెలియలేదు.

“శానా ఉండాయప్పా. ఉగాది దాకా.”

“ఊఁ,” అన్నాడు. కాసేపటికి, “నడుమ మానొద్దు,” అన్నాడు.

ఆ ఊళ్లో కులం పోయిందని నేను రాయను. రాస్తే అబద్ధం. ఆయన తువ్వాల పరుచుకోవడం మానలేదు. ఇంటికి పోయి దాన్ని ఉతికించేవాడని విన్నాను. ఉతికించుకోనీ, తువ్వాల దండెం మీద ఆరుతుంది. పడవ మాత్రం ఆ తర్వాత పేడ చూడలేదు. ఎవరి మనసూ మారకముందే ఒక చెడ్డ పని చెయ్యడానికి చోటు లేకుండా పోవడం నేను కళ్లారా చూశాను. మనసులు మారేదాకా ఆగుదామని నాతో ఎవరన్నా అంటే ఇప్పటికీ ఆ సందులు గుర్తొస్తాయి.

ఉగాది దాటాక ఆమె చివరి సూది పడింది. ఆ రోజు తిరుగు ప్రయాణంలో దిగుతూ, ఎవరూ చెప్పకుండానే మూడు చట్రాలూ ఒక్కొక్కటిగా లేపి ఒడ్డు రాళ్లకు ఎండ తగిలేలా ఆనించింది. ఈసారి దగ్గు రాలేదు.

“చెరువు ఎండినాక ఈ కొట్టంలో పెడితే చెదలు పడతాయి సారూ,” అంది. “నేను ఇంటికి తీసకపోతా. మళ్ల నిండినప్పుడు తెస్తా.”

“మళ్లీ ఎప్పుడు నిండుతుందో.”

“నిండినప్పుడే తెస్తా లే. నేనుంటా కదా.”

ఎనభైల్లో నాకు గోరంట్ల వైపు బదిలీ అయింది. ఒక ఏడాది వానలు బాగా పడ్డాయి. ఆ ఊరి నుంచి పెళ్లికి వచ్చిన ఒకాయన బస్టాండులో కనిపిస్తే చెరువు సంగతి అడిగాను. నిండిందన్నాడు. పడవ అడుగు చట్రాలు ఆమే నెత్తిన మోసుకొచ్చి వేసిందట. పాత కాడలు పోయినచోట కొత్తవి కట్టి తెచ్చిందట. ఇన్నేళ్లూ వాటి మీద గొర్రెపిల్లలు పెరిగాయి కదా, పడవంతా గొర్రె వాసన. ప్రెసిడెంటు ముక్కు మూసుకున్నాడట.

“ఎక్కినాడా?” అని అడిగాను.

“ఎక్కకేం చేస్తాడు సారూ,” అన్నాడాయన. “మరవ పారతాంటే.”